రోజంతా కోడింగ్ చేసి ఇంటికొచ్చి మళ్ళీ బేర్ మెటల్ కోడ్ రాయడం దేనికి?

"ఆఫీసులో కోడింగే, ఖాళీ టైంలో మళ్ళీ ఓఎస్ (విండోస్ లాంటిది) కూడా లేకుండా ప్రాసెసర్ మీద నేరుగా కోడింగే, ఇలాంటి హాబీ ఉన్నవాళ్ళకి దానివల్ల ఒరిగేదేంటి" అనే కదా మీ ప్రశ్న. ఏమీ ఒరగదండీ. ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఒక పని తగ్గుతుంది. ప్రమోషన్ రాదు, రెజ్యూమేలో పెడితే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఒక నవ్వు నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు (నాకు రెండుసార్లు అయింది). అయినా నాలుగేళ్ళుగా వారానికి రెండు మూడు రాత్రులు దీనికే పోతున్నాయి కాబట్టి నాకు తెలిసింది రాస్తా, పెద్దగా వరసలో ఉండదు, సర్దుకోండి.

పగలు నేను రాసేది వెబ్ అప్లికేషన్లు. అక్కడ ఏదైనా పాడైతే నా కోడా, ఫ్రేమ్‌వర్కా, దాని కింద ఉన్న లైబ్రరీనా, ఎవరో రాత్రికి రాత్రి చేసిన అప్‌డేటా అని వెతుక్కోవడంతోనే సగం రోజు పోతుంది. బేర్ మెటల్‌లో ఆ గొడవ లేదు, ఎందుకంటే అక్కడ ఇంకెవరూ లేరు. పాత పద్ధతి బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, కంప్యూటర్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రాం) ఉన్న కంప్యూటర్ ఆన్ అవగానే డిస్క్‌లో మొదటి 512 బైట్లు తెచ్చి మెమరీలో హెక్స్ (పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే పద్ధతి, అందుకే అంకెల మధ్య అక్షరాలు) 7సీ00 అనే అడ్రస్‌లో పెట్టి, చివరి రెండు బైట్లు 55, ఏఏ ఉన్నాయా లేదా చూసి, ఉంటే "ఇక నీ ఇష్టం" అని మనకి వదిలేస్తుంది. అంతే, అక్కడి నుంచి ఏం జరిగినా తప్పు మనదే. స్క్రీన్ మీద అక్షరం కావాలంటే మెమరీలో బీ8000 అనే అడ్రస్ దగ్గర ఒక బైట్ అక్షరం, పక్కన ఒక బైట్ రంగు రాయాలి. 80 కాలమ్స్, 25 లైన్స్, మొత్తం 4000 బైట్లు. మొదటిసారి నలుపు మీద ఒక్క తెల్ల అక్షరం వచ్చినప్పుడు ఉద్యోగంలో ఏ రిలీజ్‌కీ రానంత సంతోషం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కీబోర్డు సంగతి చెప్పాలి మీకు. స్క్రీన్ మీద రాయడం వచ్చేసింది కదా అని కీబోర్డు నుంచి ఇన్‌పుట్ తీసుకుందాం అనుకున్నా. కీ నొక్కితే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడు అని ప్రాసెసర్‌ని తట్టే పిలుపు) వస్తుంది, మన ఫంక్షన్ నడుస్తుంది, పోర్ట్ 60 (ఇదీ హెక్సే) నుంచి స్కాన్ కోడ్, అంటే ఏ కీ అని చెప్పే నంబర్, చదువుకోవాలి. రాశా. క్యూ నొక్కితే క్యూ వచ్చింది. ఎగిరి గంతేసి ఇంకో కీ నొక్కితే ఏమీ లేదు. రీబూట్, ఒక్క కీ పనిచేస్తుంది, మళ్ళీ మౌనం. విచిత్రం ఏంటంటే పై మూలలో నేను పెట్టుకున్న టైమర్ అంకెలు మాత్రం చక్కగా పెరుగుతూనే ఉన్నాయి, అంటే మెషీన్ బతికే ఉంది, ఇంటరప్ట్‌లు వస్తూనే ఉన్నాయి, నా కీబోర్డు మాట మాత్రం వినట్లేదు. మూడు రాత్రులు కీబోర్డు కోడే తిరగేసి మరగేసి చూశా. చివరికి తేలిందేంటంటే, ఇంటరప్ట్‌లని పంచే చిప్ ఒకటి ఉంటుంది, మనం పని అయ్యాక దానికి "అయిపోయింది" అని తిరిగి చెప్పాలి, పోర్ట్ 20కి 20 అని రాయాలి (రెండూ హెక్స్), ఒక్క లైను. అది చెప్పేదాకా ఆ చిప్ ఆ కీబోర్డునీ, దానికన్నా తక్కువ ప్రాధాన్యం ఉన్నవాటినీ ఆపేసి కూర్చుంటుంది. టైమర్ కీబోర్డు కన్నా పై వరసలో ఉంది కాబట్టి దానికి అడ్డు లేదు, పైగా టైమర్ ఫంక్షన్‌లో ఆ లైను నేను రాశాను కూడా, కీబోర్డు దాంట్లో మర్చిపోయా.

ఇది తెలిశాక నాకు వెంటనే గుర్తొచ్చింది ఊఁ కొట్టడం. చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెప్తూ చెప్తూ టక్కున ఆగిపోయేది, ఏంటా అంటే మనం ఊఁ కొట్టడం మానేశాం. వినేవాడు నిద్రపోయాడో లేదో చీకట్లో తెలుసుకోవడానికి ఆవిడ దగ్గర ఉన్న ఏర్పాటు అది. ఆ చిప్‌దీ అదే సంగతి, నువ్వు ఊఁ అనకపోతే నేను తర్వాతి ముక్క చెప్పను. ఇప్పుడు ఫోన్‌లో బొటనవేలు బొమ్మ పంపడం, "ఓకే" అనడం, ఉత్త "హ్మ్" అనడం కూడా ఇదే అనిపిస్తుంది. మా ఫ్రెండ్ ఒకడు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతాడు, నేను విని ఊరుకుంటా, విన్నాను కదా ఇంకేం చెప్పాలి అని నా ఉద్దేశం. వాడు రెండు రోజులు మాట్లాడడు. ఇదివరకు వాడిది చాదస్తం అనుకునేవాణ్ణి, కీబోర్డు గొడవ తర్వాత మాత్రం ఏదో ఒకటి పంపుతున్నా.

షిఫ్ట్ కీ ఇంకో తమాషా. కీబోర్డుకి పెద్ద అక్షరం చిన్న అక్షరం అనే తేడా తెలీదు. క్యూ నొక్కితే 10, వదిలితే 90 (అన్నీ హెక్స్‌లోనే), ఇంతే అది చెప్పేది. షిఫ్ట్ ఇంకా నొక్కే ఉందా వదిలేశారా అనేది గుర్తు పెట్టుకోవాల్సింది మనం. నా కోడ్ ఒక్కోసారి షిఫ్ట్ వదిలిన సంగతి మిస్ అయ్యేది, ఇక అప్పట్నుంచి అన్నీ పెద్ద అక్షరాలే, అరుపులే.

ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం) నడిచింది కదా అని నమ్మకండి, ఇది కూడా తగిలిన దెబ్బే. నా కోడ్ నెలరోజులు ఎమ్యులేటర్‌లో బంగారంలా నడిచింది, పెన్‌డ్రైవ్‌లో వేసి పదేళ్ళ నాటి లాప్‌టాప్‌లో పెడితే స్క్రీన్ నిండా చెత్త అక్షరాలు. కారణం, డేటా సెగ్మెంట్ రిజిస్టర్‌ని (డేటా మెమరీలో ఎక్కడి నుంచి మొదలో ప్రాసెసర్ గుర్తు పెట్టుకునే చోటు) నేను సున్నా చేయలేదు, ఎమ్యులేటర్‌లో అది ఎలాగూ సున్నాగానే ఉండేది, లాప్‌టాప్‌లో బయాస్ ఏం వదిలి వెళ్ళిందో అదే ఉంది. అద్దెకి దిగినవాడు ముందు ఇల్లు ఊడ్చుకోవాలి అన్నట్టు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆడించింది గడియారం. టైమర్ చిప్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే సెకనుకి దాదాపు 18 సార్లు కొడుతుంది అని చదివి, 18 కొట్టగానే ఒక సెకను అని లెక్కేసి స్క్రీన్ మీద గడియారం పెట్టా. గంట తర్వాత చూస్తే ఫోన్ గడియారం కన్నా 41 సెకన్లు ముందుంది. అసలు సంఖ్య 18 కాదు, 18.2 చిల్లర. ఈ దిక్కుమాలిన చిల్లర ఎందుకు, నిండుగా 20 పెట్టుకోవచ్చు కదా అని తవ్వుకుంటూ పోతే అది కలర్ టీవీ దగ్గర తేలింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో 14.31818 మెగాహెర్ట్జ్ (ఒక మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి పది లక్షల సార్లు) క్రిస్టల్, అంటే లయ తప్పకుండా కొట్టే ముక్క, ఒకటి పెట్టారు, ఎందుకంటే అది అమెరికా కలర్ టీవీ సిగ్నల్‌లో రంగు మోసే ఫ్రీక్వెన్సీకి సరిగ్గా నాలుగు రెట్లు, కంప్యూటర్‌ని ఇంట్లో టీవీకి తగిలించుకోవచ్చు. అదే క్రిస్టల్‌ని మూడుతో భాగిస్తే ప్రాసెసర్‌కి 4.77, పన్నెండుతో భాగిస్తే టైమర్‌కి 1.193182, అవీ మెగాహెర్ట్జ్‌లే. ఆ టైమర్ 16 బిట్లది, 65536 దాకా లెక్కపెట్టి ఒకసారి కొడుతుంది, భాగహారం చేసుకోండి, 18.2 వస్తుంది. అంటే టీవీ సొగసు కోసం ఎవరో ఎంచుకున్న అంకె, ఆ టీవీలు మూలపడిపోయాక కూడా, నా లాప్‌టాప్‌లో రాత్రి పదకొండింటికి నా గడియారాన్ని పరిగెత్తిస్తోంది. ప్రాసెసర్ కూడా అంతే, ఎంత కొత్త ఇంటెల్ అయినా నిద్ర లేచేటప్పుడు 1978 నాటి 8086 లాగా 16 బిట్ల మోడ్‌లోనే లేస్తుంది, తర్వాత మెల్లగా దాన్ని ఈ కాలానికి తీసుకురావాలి.

ఈ పాత సామాను చూస్తే మొదట్లో నవ్వొచ్చేది కానీ మనం మాట్లాడేది మాత్రం వేరేగా ఉందా చెప్పండి. ఫోన్ జేబులో ఉంటుంది, వేలితో ఇటు జరుపుతాం, కానీ "ఫోన్ ఎత్తట్లేదు" అంటాం, కోపమొస్తే "పెట్టేశాడు" అంటాం, ఎత్తడానికీ పెట్టడానికీ అక్కడ ఏముంది. బల్బుకి మంట లేదు, స్విచ్ నొక్కడమే, అయినా "లైటు ఆర్పు" అనే అంటాం, దీపం నాటి మాట. సేవ్ బొమ్మగా ఫ్లాపీ సంగతి అందరూ అంటారు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా. మా అన్నయ్య కూతురు "ఎత్తడం" అంటే ఆన్సర్ చేయడం అనే అనుకుంటుంది, రిసీవర్ అనే వస్తువు ఆ పిల్ల చూడనేలేదు, మాట మాత్రం తడుముకోకుండా వాడుతుంది. 18.2 కూడా నా కోడ్‌లో అలాగే ఉంది. ఆఫీసులో ఇలాంటి పాత అంకె కనపడితే "లెగసీ" అని మొహం చిట్లించేవాణ్ణి, ఇప్పుడు తీసేసేముందు ఇది ఎవరి టీవీ కోసం పెట్టారో అని ఒకసారి అడుగుతున్నా. ఉపయోగం అంటే ఇదొక్కటి లెక్కేసుకోవచ్చేమో.

ప్రస్తుతం తెలుగు మీద పడ్డా. టెక్స్ట్ మోడ్‌లో (ఇందాకటి 80 బై 25 గళ్ళ పద్ధతి) మన అక్షరాలు ఇరికించడం కష్టం, గడి వెడల్పు 8 పిక్సెళ్ళు, మామూలుగా 256 బొమ్మలే చోటు. అందుకని చుక్క చుక్కగా గీసుకునే మోడ్ 13కి (ఇదీ హెక్సే) వెళ్ళా, 320 బై 200, ఒక్కో పిక్సెల్‌కి ఒక బైట్. గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో "క" గీసి, గళ్ళు నిండినచోట ఒకటి, లేనిచోట సున్నా అని కొట్టుకున్నా. తలకట్టు సరిగ్గా కుదరడానికే నాలుగు సార్లు చెరిపా. ఇక "స్త్రీ" అని రాద్దామని కూర్చుంటే, కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చిన పట్టిక) ఆరు ముక్కలు, ఆ నంబర్లని బైట్లుగా దాచే యూటీఎఫ్ 8లో 18 బైట్లు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టి, తవత్తు కిందకి, క్రావడి పక్కకి, గుడి నెత్తిమీదకి. రోజూ వందసార్లు ఫోన్‌లో కొట్టే భాష, దీని వెనకాల ఇంత చాకిరీ ఎవరో చేసి పెట్టారని అప్పటిదాకా తట్టనే లేదు. నాకింకా రాలేదు, తవత్తు సకి రెండు పిక్సెళ్ళు ఎడంగా వేలాడుతోంది.

అన్నట్టు "ఉపయోగం ఏంటి" అనే ప్రశ్న గురించి కూడా ఒక మాట, కోపగించుకోకండి. సాయంత్రం షటిల్ ఆడొచ్చినవాణ్ణి ఎవరూ అడగరు, మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళని అడగరు, కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణే అడుగుతారు, అది పని చేసే వస్తువు అని లోపల ఎక్కడో ఉండిపోయింది. మా ఇంట్లో అయితే నేను ఆఫీసు పని చేస్తున్నా అనుకుని పలకరించడం మానేశారు, నేనూ సరిదిద్దలేదు, ప్రశాంతంగా ఉంది.

మొదలుపెట్టాలనుకుంటే మాత్రం నాకు తెలిసిన దారి ఇది. మొదటి రోజే సొంత ఓఎస్ అని పేరు పెట్టి లోగో గీయకండి (నేను గీశాను, లోగో ఇంకా ఉంది, ఓఎస్ లేదు). ఒక అసెంబ్లర్ (మనం రాసిన ప్రాసెసర్ ఆదేశాలని బైట్లుగా మార్చేది), ఒక ఎమ్యులేటర్ చాలు. 512 బైట్లలో ఒక్క అక్షరం చూపించి ఆగిపోయే కోడ్ రాయండి, సెగ్మెంట్ రిజిస్టర్లు, స్టాక్ (ప్రాసెసర్ తాత్కాలికంగా దాచుకునే మెమరీ) మీరే సెట్ చేయండి, ఎమ్యులేటర్ దయ మీద వదలకండి. తర్వాత పాత లాప్‌టాప్ ఏదైనా ఉంటే దాంట్లో పెట్టి చూడండి, చాలా కొత్త వాటిల్లో ఈ పాత బయాస్ పద్ధతి ఉండదు కాబట్టి ముందే సెట్టింగ్స్‌లో చూసుకోవడం మంచిది. స్క్రీన్ మీద అక్షరం రాకపోతే కంగారుపడి అంతా చెరిపేయకండి, ముందు చివర్లో ఆ 55, ఏఏ సరిగ్గా 510, 511 స్థానాల్లో (సున్నా నుంచి లెక్కపెడితే) పడ్డాయో లేదో చూడండి, నాకైతే మొదటి వారం అంతా అవి ఒక బైట్ పక్కన పడ్డాయి.