పద్నాలుగు మంది, ఆరు మెషీన్లు: పిన్‌బాల్ లీగ్‌కి ఏ ఫార్మాట్ పెట్టాలి?

డాలస్‌లో మీ దగ్గరి బార్‌లో ఆరు పిన్‌బాల్ (ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో బంతిని కొడుతూ స్కోరు పెంచే ఆట) మెషీన్లున్నాయి, పద్నాలుగు మంది పోగయ్యారు, సగం మంది ఈ ఏడాదే ఆట మొదలుపెట్టారు, వారానికో సాయంత్రం ఆడాలనుకుంటున్నారు. నాకౌట్ పెట్టమంటారా అని కదా మీ ప్రశ్న. నేను షికాగో శివార్లలో కొన్నేళ్లుగా లీగులు ఆడుతున్నాను, ఒక లీగ్‌లో స్కోర్లు రాసే పని కూడా నాదే. వద్దనే అంటాను.

త్రీ స్ట్రైక్స్ నాకౌట్‌లో ఓడినప్పుడల్లా ఒక స్ట్రైక్ పడుతుంది, మూడోది పడితే ఔట్. ఒక్కరోజు టోర్నమెంట్‌కి ఇది భలే ఉంటుంది, చివరి అరగంట టెన్షనే వేరు. కానీ లీగ్‌లో కొత్తవాళ్లు గంటలోపే ఔటైపోయి, మిగతా సాయంత్రమంతా గోడకి ఆనుకుని మనవైపు చూస్తుంటారు. ఎవరికి ప్రాక్టీస్ ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ ఆటలు దొరుకుతాయి. రెండు మూడు వారాలు చూసి మానేస్తారు.

మీకు సరిపోయేది గ్రూప్ మ్యాచ్‌ప్లే. నలుగురు ఒక గ్రూపు, ఒకే మెషీన్ మీద వంతులవారీగా ఒక ఆట. స్థానాలను బట్టి 7, 5, 3, 1 పాయింట్లు. ముగ్గురే ఉంటే 7, 4, 1. ఎలా చూసినా తలకి సగటు నాలుగే కాబట్టి, ముగ్గురి గ్రూపులో పడ్డవాళ్లకి అన్యాయం జరగదు. మీ పద్నాలుగు మందికి నలుగురి గ్రూపులు రెండు, ముగ్గురివి రెండు. అంటే ఒకేసారి నాలుగు మెషీన్లే కావాలి. మిగతా రెండూ స్పేర్. మెషీన్లు ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం, ఆ స్పేర్ చాలా అవసరం.

స్కోర్లు నేరుగా కూడేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. 1995 నాటి అటాక్ ఫ్రమ్ మార్స్ మెషీన్‌లో స్కోరు బిలియన్లలో నడుస్తుంది. డెబ్బైల నాటి ఎలక్ట్రో మెకానికల్ మెషీన్లలో చాలావాటికి లక్ష దాటడమే గొప్ప. కూడితే ఒక్క మెషీనే సీజన్ మొత్తాన్ని తేల్చేస్తుంది.

సాయంత్రానికి ఐదు రౌండ్లు పెట్టుకోండి, దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. అసలు తలనొప్పి గ్రూపులు వేయడంలోనే ఉంది. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఫ్రీ స్టేట్ పిన్‌బాల్ అసోసియేషన్ లీగుల్లో ఇంచుమించు ఒకే స్థాయివాళ్లని ఒక గ్రూపులో వేస్తారు. కొత్తవాళ్లకి గెలుపు రుచి తెలుస్తుంది, అది మంచిదే. కానీ కింది గ్రూపులో గెలిచినా ఏడే, పై గ్రూపులో గెలిచినా ఏడే అయితే బాగా ఆడేవాళ్లు గొణుగుతారు. నాకు నచ్చిన మధ్యేమార్గం ఇది: మొదటి రెండు రౌండ్లు లాటరీ, తర్వాతి మూడు ఆ రోజు పాయింట్లని బట్టి. మ్యాచ్‌ప్లే అనే టోర్నమెంట్ సైట్‌లో పేర్లు ఎక్కిస్తే గ్రూపులన్నీ అదే వేస్తుంది, కాగితం మీద కుస్తీ పట్టక్కర్లేదు.

ఆడే వరుసని తేలిగ్గా తీసుకోకండి. నాలుగో ఆటగాడికి చివరి బంతి దగ్గర ఎంత కొట్టాలో తెలిసిపోతుంది, అది పెద్ద లాభం. అందుకని అందరికీ అన్ని స్థానాలూ వచ్చేలా తిప్పండి. ఎక్స్‌ట్రా బాల్ (ఆటలో గెలుచుకునే అదనపు బంతి) సెట్టింగుల్లో ఆపేయించండి. బార్ యజమాని కుదరదంటే, వచ్చిన ఎక్స్‌ట్రా బాల్‌ని ప్లంజ్ చేసి (ఆటలోకి వదిలి) ఫ్లిప్పర్లు ముట్టకుండా వదిలేయాలని రూల్ పెట్టండి. 2003 నాటి స్టెర్న్ కంపెనీ లార్డ్ ఆఫ్ ద రింగ్స్ లాంటి పొడుగాటి ఆట ఉంటే చివరి రౌండ్‌లో వద్దు. ఒక్క గ్రూపు కోసం మిగతా పదిమంది ఎదురుచూడాల్సి వస్తుంది.

ఎనిమిది వారాల సీజన్ అయితే ఒక్కొక్కరి మంచి ఆరు వారాలే లెక్కించండి. రిలీజ్ ఉందనో, పిల్లాడికి జ్వరమనో, ఇండియా ట్రిప్ అనో ఒకటి రెండు వారాలు ఎవరైనా మిస్సవుతారు. ఫైనల్స్ మాత్రం ఏ, బీ అని రెండు డివిజన్లుగా పెట్టండి. నాకౌట్ సరదా ఉన్నవాళ్లు అక్కడ తీర్చుకోవచ్చు. సీజన్ మధ్యలో మార్పు కావాలంటే ఒక రాత్రి పిన్-గోల్ఫ్ ఆడండి: మెషీన్‌కో టార్గెట్ స్కోరు, ఎన్నో బంతికి అందుకుంటే అన్ని స్ట్రోకులు, తక్కువ స్ట్రోకులవాళ్లదే గెలుపు. మల్టీబాల్ (ఒకేసారి రెండు మూడు బంతులతో ఆడటం) గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఇందులో ఒక్కోసారి పైకొస్తారు.

ఐఎఫ్‌పీఏ (ప్రపంచవ్యాప్తంగా పిన్‌బాల్ ర్యాంకులిచ్చే సంస్థ) ర్యాంకింగ్ పాయింట్లు కావాలంటే నెల ముందే వాళ్ల క్యాలెండర్‌లో నమోదు చేయాలి, మనిషికో డాలర్ కట్టాలి. మొదటి సీజన్‌కి ఆ గొడవ వద్దంటాను. ర్యాంకు పాయింట్లు రాగానే ప్రతి టిల్ట్ (మెషీన్‌ని గట్టిగా కుదిపితే ఆ బంతి పోవడం) మీదా వాదనలు మొదలవుతాయి.