‘అయ్యో’, ‘బాబోయ్’ ఒకటేనా?

‘అయ్యో’ బదులు ‘బాబోయ్’ వాడొచ్చా, ‘అమ్మో’ కూడా అదేనా అని అడిగారు. ఒకటి కాదండీ. ఈ విషయంలో ఎవరు చెప్పినా నేను వినను, ఎందుకంటే తేడా నాకు హుద్‌హుద్ తుఫాను నేర్పింది.

2014 అక్టోబర్ 12, ఆదివారం. విశాఖలో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. పొద్దున్నుంచి ఒకటే హోరు. తలుపు ఊడిపోకుండా ఇనప మంచం అడ్డం పెట్టి నేనూ నాన్నా దాని మీద కూర్చుంటే, గాలి తోసినప్పుడల్లా మంచంతో సహా వెనక్కి జరుగుతున్నాం, వంటింట్లోంచి అమ్మ ‘బాబోయ్ బాబోయ్’ అంటూనే ఉంది. నాయనమ్మది శ్రీకాకుళం, ఆవిడ ‘ఓలమ్మో’.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. అందరం కిందికి దిగాం. ఎదురింటివాళ్ల వేపచెట్టు వాళ్ల కొత్త స్కూటర్ మీదే పడుంది. అప్పుడొచ్చింది అమ్మ నోట ‘అయ్యో’, చాలా నెమ్మదిగా. కింద పోర్షన్ ఆంటీ కూడా ‘అయ్యో, మొన్ననే కదండీ కొన్నారూ’ అంటోంది. మా నెత్తి మీద ఉన్నది తుఫాను కన్ను అని ఎవరికి తెలుసు! కాసేపటికి గాలి రెండో వైపు నుంచి తిరిగి కొట్టింది చూడండి, ఆంటీ ఆ ‘అయ్యో’ సగంలో మింగేసి ‘బాబోయ్’ అంటూ మెట్లెక్కి మా ఇంట్లో దూరింది. తన ఇల్లు అక్కడే, నాలుగడుగుల్లో ఉన్నా సరే.

అదీ సంగతి. జరిగిపోయినదానికి, అందులోనూ పక్కవాళ్ల నష్టానికి ‘అయ్యో’. మన మీదికి వస్తున్నదానికి ‘బాబోయ్’. మా వైపు బాబు అంటే నాన్న కూడా, చివర ‘ఓయ్’ తగిలించి ఆయన్ని కేకేస్తున్నాం. అంతా అయిపోయాక కేకేసి ఏం లాభం? ‘అయ్యో బాబోయ్’ అని కలిపి అనేవాళ్లకి రెండూ ఒకేసారి జరిగాయనుకోండి.

2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘అయ్యో’ చేర్చారని మా తమ్ముడు తెగ సంబరపడ్డాడు. బాబోయ్ ఏం పాపం చేసింది? అన్నట్టు వాడు బల్లి మీద పడినా ‘ఓ మై గాడ్’ అంటాడు. ఇంకా ఒళ్లు మండేది యూట్యూబ్ వాళ్లని చూస్తే. ‘వామ్మో’ అని ఎర్రక్షరాల్లో పెడతారు, తీరా నొక్కితే వంకాయ కూర.

‘అమ్మో’కి ఈ లెక్కలేం లేవు. పిల్లాడు పిట్టగోడ ఎక్కినా, బంగారం ధర విన్నా అదే వస్తుంది.