కంట్రోల్ రూమ్ డ్యూటీలో చేరుతున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నెల్లూరు కలెక్టరేట్‌లోని తుఫాను, వరదల కంట్రోల్ రూమ్‌లో నీకు డ్యూటీ వేశారని అక్క చెప్పింది. రెవెన్యూ శాఖలో ఉన్నన్నాళ్లూ తుఫాను విధులు చేసినవాణ్ణి కాబట్టి నాకు ముఖ్యమనిపించినవి రాస్తున్నాను.

కంట్రోల్ రూమ్ పడవలు నడపదు, కూలిన చెట్లు తొలగించదు. ఆ పనులు చేసే ఇరిగేషన్, విద్యుత్, పోలీసు, అగ్నిమాపక, వైద్య శాఖలన్నింటికీ ఒకే సమాచారం ఒకే వేళకు అందేలా చూసి, పని పూర్తయ్యేదాకా అడుగుతూ ఉండటమే దాని బాధ్యత. అందుకే రిజిస్టరు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. కంట్రోల్ రూమ్ నంబరు 1077కు ఫోన్ చేసి "మా వీధిలోకి నీళ్లొచ్చాయి" అన్న మనిషిని ఊరు, వీధి, దగ్గర్లోని గుర్తు అడుగు. నీళ్లు మోకాలి లోతా, నడుము లోతా, కరెంటు ఆపారా, ఇంట్లో నిండు గర్భిణి గానీ మంచం పట్టినవారు గానీ ఉన్నారా అని కనుక్కో. ఎన్ని గంటలకు ఎవరికి చెప్పావో, వారు ఏం చేశారో కూడా ఆ వరుసలోనే రాయి. చివరి గడి ఖాళీగా ఉన్నంతసేపు ఆ పని నీదే.

సోమశిల జలాశయం నుంచి ఇన్ని క్యూసెక్కులు వదులుతున్నారని ఇంజనీర్లు చెప్పే అంకె పెన్న ఒడ్డున ఉన్నవారికి అర్థం కాదు. సంగంలో, కోవూరులో, ఇందుకూరుపేటలో ఏ కాలనీకి ఎప్పటికి నీళ్లొస్తాయో ఆ ఇంజనీర్లనే అడిగి తెలుసుకుని, తహసీల్దార్ల ద్వారా వీఆర్వోలకు చేర్చి, చీకటి పడకముందే దండోరా వేయించు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ దెబ్బతిన్నాయి. అటువంటప్పుడు పెన్నకు దక్షిణాన ఉన్న నెల్లూరు నుంచి ఉత్తరాన ఉన్న కోవూరు వైపు సాయం పంపడం ఎంత కష్టమో ఆలోచించు. అందుకే పడవలు, జేసీబీలు, జనరేటర్లు, మందులు నదికి రెండు వైపులా ముందే ఉండాలని సమావేశంలో గట్టిగా అడుగు. అడగడానికి మొహమాటపడకు.

తుఫాను షెల్టర్ల తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో, ట్యాంకుల్లో నీళ్లున్నాయో లేదో అక్టోబరు రాకముందే వాకబు చెయ్యి. వేటకు వెళ్లిన పడవల లెక్క మత్స్యశాఖ నుంచి రోజూ తెప్పించుకో.

నీళ్లు తీసిన తర్వాత ఫోన్లు తగ్గుతాయి, సిబ్బందిని కూడా వెనక్కి పంపేస్తారు. నా దృష్టిలో అసలు కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. పంట నష్టం 33 శాతమో అంతకు మించో ఉంటేనే పెట్టుబడి రాయితీ వస్తుంది కాబట్టి, నష్టం లెక్క రాసే ఎన్యూమరేషన్ బృందం పొలానికి రాలేదన్న ఫిర్యాదును ఆ రోజే మండల వ్యవసాయాధికారికి పంపు. చనిపోయిన పశువులను పశువైద్యుడు చూడకముందే పూడ్చితే పరిహారం దగ్గర చిక్కొస్తుందని అడిగినవారికల్లా చెప్పు. గ్రామ సచివాలయంలో నష్టపోయిన రైతుల జాబితా అంటించాక పేరు లేదని మొదట ఫోన్ చేసేది కౌలురైతులే. పొలం మరొకరి పేరున ఉంటుంది, పెట్టుబడి మాత్రం వీరిది. ఆ ఫోన్లను కూడా అదే రిజిస్టరులో ఎక్కించి, కౌలురైతులకిచ్చే సాగుదారు హక్కు పత్రం ఉందో లేదో అడిగి రాసుకుని, అభ్యంతరాల గడువు ముగిసేలోపు తహసీల్దారు నుంచి జవాబు తెప్పించి వారికి నువ్వే తిరిగి ఫోన్ చెయ్యి.

ఇట్లు
మీ మామయ్య