ముందు వాడికి ఒక ఫోన్ చెయ్యి తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. రథసప్తమికని ఫ్రెండ్ ఫ్యామిలీ హైదరాబాద్ నుంచి వస్తే నువ్వు తెల్లారకుండా ఆమదాలవలస ఎల్లి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దించుకుని, నీ డబ్బులతో రూమ్ తీసి, అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి క్యూలో వాళ్లమ్మగారి పక్కనే గంటలు గంటలు నిలబడితే వాడు ఊరెల్లాక ఒక్క ఫోన్ లేదు, పైగా ఫొటోలు పెట్టి ఇంకెవరికో థాంక్స్. బాధ రాదేటి మరి, ఎవరికైనా వస్తాది.

కానీ ఒకటి చూడు. ఆ రోజు అర్ధరాత్రి నుంచే అభిషేకాలు, ఒడిశా నుంచి కూడా జనం దిగిపోతారు, రూమ్ దొరకడమంటే మాటలా, ఇదంతా మనూరోళ్లకి తెలుసు గానీ వాడికి అన్నీ రెడీగా కనిపించాయి, నువ్వు కూడా మొహమాటానికి 'పర్లేదురా' అనే ఉంటావు.

రూమ్ డబ్బులు, బాధ ఒకే ఫోన్లో కలపకు. డబ్బులు ముందు అడిగీ, 'ఒరే రూమ్‌కి ఇంతయింది, ఫోన్‌పే కొట్టు' అని, అందులో సిగ్గేం లేదు. ఇంకో రోజు తీరిగ్గా 'మీరెల్లాక ఫోన్ చేస్తావనుకున్నాన్రా, చెయ్యలేదు, కష్టమనిపించింది' అను. వాట్సాప్‌లో వద్దు, గొంతు వినపడాలి. మిగతా ఫ్రెండ్స్‌కి మాత్రం చెప్పకు, వాడి చెవికి ఇంకోలా చేరుతుంది.

సారీ అంటే వదిలీ. నవ్వేసి కొట్టిపారేస్తే మళ్లీ వచ్చినప్పుడు ఆటో అతని నంబరిచ్చి నాకు కుదర్దని చెప్పీ. వాళ్లమ్మగారికి మాత్రం ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడుగు, ఆవిడతో నీకేం గొడవ లేదు కదా.