ఓడినవాళ్ల వైపు నుంచి రాయి: రెజ్లింగ్ మీద రాస్తున్న ఒక అమ్మాయికి ఉత్తరం

విశాఖపట్నం

అమ్మా,

ఆశీస్సులు. అన్ని కాలాల్లోనూ గొప్పవైన పది రెజ్లింగ్ మ్యాచ్‌ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. నీ వాక్యంలో వేగం ఉంది. చూడని మ్యాచ్ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, అది ఇంకా నచ్చింది. గాజువాకలో కూర్చుని, టోక్యో డోమ్‌లో జరిగిన మ్యాచ్ గురించి ఒక ఆడపిల్ల తెలుగులో ఇంత శ్రద్ధగా రాసిందంటే, ఇలాంటి రాత కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాడిగా నాకెంత సంతోషమో చెప్పలేను.

ఇక అసలు విషయం. నీ వ్యాసంలో పదిమంది విజేతలున్నారు. వాళ్ల ఎంట్రీలు, ఫినిషర్లు (మ్యాచ్ ముగించే దెబ్బలు), బెల్టులు అన్నీ ఉన్నాయి. ఓడినవాళ్లు మాత్రం ఉత్త పేర్లుగా మిగిలిపోయారు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మ్యాచ్ చూసేటప్పుడు కొట్టేవాడి మీంచి చూపు తిప్పి, దెబ్బ తినేవాడి మీద పెట్టు. రాసేటప్పుడు కూడా అక్కణ్నుంచే మొదలుపెట్టు.

మన ఊళ్లలో కీచకవధ ఆడేటప్పుడు, భీముడి వేషానికి ఎంత గట్టి నటుణ్ని పెట్టినా, కీచకుడు సరిగ్గా చావకపోతే ఆట తేలిపోయేది. భీముడి బలం జనానికి కనపడేది కీచకుడి ఒంట్లో. రెజ్లింగ్‌లోనూ అంతే. దెబ్బ ఎంత గట్టిదో తినేవాడు ఒంటితో చూపించడాన్ని సెల్లింగ్ అంటారని నీకు తెలుసు. కానీ నీ వ్యాసంలో అది ‘సెల్లింగ్ అదిరింది’ అన్న రెండు మాటలతో అయిపోయింది. ఎలా అదిరింది? కాలికి దెబ్బ తగిలినవాడు తర్వాత తాడు ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాడు? మెడ పట్టుకున్నాడా, నడుం పట్టుకున్నాడా? లేవడానికి ఎంతసేపు పట్టింది? పాఠకుడికి ఇవి కావాలి.

1997 మార్చి 23న షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో రెజిల్‌మేనియా 13, అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీ ఏటా పెట్టే అతి పెద్ద షో, జరిగింది. బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్‌ల సబ్‌మిషన్ మ్యాచ్, అంటే ఎదుటివాడి చేత ఓటమి ఒప్పిస్తేనే గెలుపు. నువ్వు దీన్ని ఆరో స్థానంలో పెట్టావు. నా లెక్కలో దీన్ని దాటిన మ్యాచ్ ఇప్పటిదాకా రాలేదు. ఎందుకో చెబుతాను. ఆ రాత్రి లోపలికి వచ్చేటప్పుడు బ్రెట్ మంచివాడు, ఆస్టిన్ చెడ్డవాడు. బయటికి వెళ్లేసరికి ఇద్దరూ తారుమారయ్యారు. ఎవరూ మైకు పట్టుకుని ప్రసంగం చెయ్యలేదు. ఆస్టిన్ మొహం నిండా రక్తం. బ్రెట్ అతని కాళ్లు మెలేసి, బోర్లా తిప్పి, షార్ప్‌షూటర్ అనే తన పట్టు బిగించాడు. ఆస్టిన్ చేతుల మీద లేచి, ఒక క్షణం దాన్ని దాదాపు విడిపించుకున్నాడు. ఆ క్షణంలో హాలు చేసిన శబ్దం విను. అప్పటిదాకా అతన్ని తిట్టినవాళ్ల గొంతులు కూడా అందులో ఉన్నాయి. మళ్లీ పట్టు బిగిసింది. అతను ఓటమి ఒప్పుకోలేదు, స్పృహ తప్పాడు. రిఫరీగా ఉన్న కెన్ షామ్‌రాక్ మ్యాచ్ ఆపేశాడు. ఆ తర్వాత కూడా బ్రెట్ పడి ఉన్నవాడి కాలి మీద పడ్డాడు. జనం అతన్ని వదిలేసింది అప్పుడే. ఆస్టిన్ మాత్రం ఎవరి సాయం తీసుకోకుండా తనంతట తాను నడుచుకుంటూ వెళ్లాడు. ఓడిపోయి వెళ్తున్నవాడి పేరు హాలంతా అరిచింది. తర్వాతి ఏడాది ఆ కంపెనీ మొత్తాన్ని మోసింది ఆ ఓడినవాడే.

ఇది రాసేటప్పుడు నువ్వు ‘బ్రెట్ హార్ట్ ఘనవిజయం’ అని శీర్షిక పెట్టావు. అది మార్చెయ్.

ఇప్పుడు పాత మ్యాచ్‌ల సంగతి. హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్‌ల మ్యాచ్ గురించి ‘స్లో, బోరింగ్, హైప్ తప్ప ఏమీ లేదు’ అని ఒక్క లైనులో తేల్చేశావు. ఇక్కడ నీతో గట్టిగా విభేదిస్తాను. 1987 మార్చి 29, రెజిల్‌మేనియా 3, పాంటియాక్ సిల్వర్‌డోమ్. ఆండ్రేకి అంతకు ముందు ఏడాదే వెన్నుకు ఆపరేషన్ అయింది. శరీరం పెరుగుదల ఆగని జబ్బు అతనిది. నడవడమే కష్టంగా ఉన్న మనిషి. మ్యాచ్ మొదట్లోనే హోగన్ అతన్ని ఎత్తబోయి, ఎత్తలేక వెనక్కి పడ్డాడు. ఆండ్రే అతని మీద పడి పిన్ చేస్తే, అంటే భుజాలు నేలకి అదిమితే, గెలుపుకి కావలసిన మూడు దాకా లెక్కపెట్టారా, రెండు దగ్గర ఆగారా అని జనానికి సందేహం వచ్చింది. ఆ ఒక్క పడిపోవడంతో ఆండ్రేని ఎవరూ ఎత్తలేరన్న భయం అందరిలోనూ స్థిరపడింది. చివర్లో హోగన్ అతన్ని ఎత్తి కుదేసినప్పుడు స్టేడియం ఊగిపోవడానికి కారణం అదే. ఆ బాడీస్లామ్‌లో సగం ఆండ్రేదే. వెన్ను అలా ఉన్న మనిషి, ఇంకొకరిని హీరోని చెయ్యడానికి తన ఒంటిని అప్పగించాడు. ఆరేళ్లకు 46 ఏళ్ల వయసులో పోయాడు. ఇదంతా తెలిసి ఆ పన్నెండు నిమిషాలు మళ్లీ చూడు. తర్వాత కూడా బోర్ అనిపిస్తే అలాగే రాయి, నాకు అభ్యంతరం లేదు. కానీ 2017 వేగంతో 1987ని కొలిచి తీర్పు ఇవ్వకు.

అదే రాత్రి రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ ఆడిన మ్యాచ్ నీ జాబితాలో ఉండటం సరైనదే. సావేజ్ ప్రతి కదలికనూ ముందే రాసుకుని, స్టీమ్‌బోట్‌తో కలిసి వల్లె వేసేవాడు. దాని గురించి నువ్వు బాగా రాశావు, అక్కడ నేను చెయ్యి పెట్టను.

అంకెల విషయంలో జాగ్రత్త. సిల్వర్‌డోమ్‌కి 93,173 మంది వచ్చారని రాశావు. అది కంపెనీ ప్రకటించిన సంఖ్య. అంతమంది రాలేదని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. ‘ప్రకటించిన లెక్క ప్రకారం’ అని చేరిస్తే చాలు. రెజ్లర్ల ఎత్తు, బరువు కూడా అంతే. తొంభైల్లో మన కంచరపాలెం, అక్కయ్యపాలెం కిరాణా కొట్లలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు అమ్మేవారు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. ఆ అంకెలు పిల్లలకి వేదం. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలున్నాయని కూడా నమ్మేవాళ్లం. ఆ నమ్మకం గురించి ఒక వ్యాసం రాయి, చాలా బాగుంటుంది. కానీ కార్డు మీది అంకెని నిజమని రాయకు.

‘ఇదంతా ఫిక్సింగే కదా’ అనేవాళ్ల గురించి నువ్వు మొదటి పేజీ అంతా వాదించావు. తీసెయ్. ఫలితం ముందే నిర్ణయిస్తారని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు. నీ పాఠకుడికి అది తెలుసు. మన ప్రాంతానికి ఇది కొత్తా? వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సర్కస్ పెట్టి దేశాలు తిరిగిన కోడి రామ్మూర్తి విగ్రహం మన బీచ్ రోడ్డు మీద ఉంది. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. టికెట్ కొని వచ్చిన జనానికి అది ప్రదర్శన అని తెలుసు, ఏనుగు బరువు నిజమనీ తెలుసు. రెండూ కలిపి చూడగలిగిన జనం మనవాళ్లు. రెజ్లింగ్ గురించి సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని నీకు లేదు.

ప్రమాదం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ వ్యాసంలో నన్ను ఇబ్బంది పెట్టిన భాగం అదే. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ హెల్ ఇన్ ఎ సెల్ అనే ఇనుప బోను పైనుంచి మిక్ ఫోలీని కింద టేబుల్ మీదికి విసిరేశాడు. తర్వాత బోను పైకప్పు తెగి ఫోలీ మళ్లీ పడ్డాడు. ఆ పడటాన్ని నువ్వు ‘మాస్ మూమెంట్’ అన్నావు. నేనూ అప్పట్లో నోరు తెరుచుకుని చూసినవాణ్నే. అది మరపురాని దృశ్యం, కాదనను. కానీ పడినవాడు మనిషి. ఆ తర్వాతి జనవరిలో, ఒకరు ‘వదిలేస్తున్నా’ అనేదాకా సాగే ‘ఐ క్విట్’ మ్యాచ్‌లో, చేతులకు బేడీలతో ఉన్న ఫోలీ తల మీద ద రాక్ అనే రెజ్లర్ కుర్చీతో కొడుతూ పోయాడు. ముందు వరసలో ఫోలీ భార్యాపిల్లలు కూర్చుని ఏడ్చారు. 1999 మేలో కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ పైనుంచి దిగే ఎంట్రీలో పడి చనిపోయాడు. జపాన్‌లో మిసావా అనే రెజ్లర్ 2009 జూన్‌లో హిరోషిమా రింగులో, వెనక్కి ఎత్తి పడేసే ఒక సుప్లెక్స్ తిన్న తర్వాత ఇక లేవలేదు. 1994లో బుడోకాన్ హాల్లో కవాడాతో అతను ఆడిన మ్యాచ్‌ని నువ్వు నాలుగో స్థానంలో పెట్టావు. అది నిజంగా గొప్ప మ్యాచ్. మెడ మీద పడిన ఆ పడటాలను లెక్కపెట్టి స్కోరు వేసే ముందు, అదే మనిషి 15 ఏళ్ల తర్వాత ఎలా పోయాడో గుర్తు తెచ్చుకుని రాయి. తలకి కుర్చీ దెబ్బలను డబ్ల్యూడబ్ల్యూఈ (పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కొత్త పేరు) 2010లో నిషేధించింది. అంతకు ముందు వాటికి చప్పట్లు కొట్టినవాళ్లలో మనమందరం ఉన్నాం. రాసేవాళ్లు ఇప్పుడు కూడా ‘రక్తం కారితేనే మజా’ అని రాయకూడదు.

నక్షత్రాల రేటింగులు నీ పేజీల్లో చాలా ఉన్నాయి. 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో ఒకాడా, ఒమేగాల మ్యాచ్‌కి రెజ్లింగ్ విలేకరి డేవ్ మెల్ట్‌జర్ ఆరు నక్షత్రాలు ఇచ్చాడు, మరుసటి ఏడాది వాళ్ల ‘మూడు ఫాల్స్‌లో రెండు గెలవాలి’ మ్యాచ్‌కి ఏడు. అది ఆయన అభిప్రాయం. నాకు కావలసింది నీది. ఒకాడా ఫినిషర్ రెయిన్‌మేకర్‌కి ఒమేగా ఎలా పడ్డాడు, ఎంత అలసిపోయాక పడ్డాడు అన్నది నువ్వు చూసి చెప్పు.

అండర్‌టేకర్ మ్యాచ్‌లు రెండు ఉన్నాయి నీ జాబితాలో. 2009లో షాన్ మైకేల్స్‌తో ఆడింది చూడటానికి అందమైనది. అండర్‌టేకర్ తన ఫినిషర్ టూంబ్‌స్టోన్ వేసి పిన్ చేస్తే షాన్ భుజం లేపాడు. అప్పుడు అండర్‌టేకర్ కళ్లు చూశావా? ఆ ఒక్క చూపుతో జనానికి ఫలితం మీద నమ్మకం పోయింది. 2014 ఏప్రిల్‌లో బ్రాక్ లెస్నర్ చేతిలో అతను ఓడింది మాత్రం మ్యాచ్‌గా చెప్పుకోదగ్గది కాదు. అతనికి అందులో తలకి దెబ్బ తగిలింది, ఆట నెమ్మదిగా సాగింది. కానీ రెజిల్‌మేనియాలో అప్పటిదాకా ఒక్కసారీ ఓడనివాడు అతను. మూడు లెక్కపెట్టాక హాల్లో వచ్చిన నిశ్శబ్దం ఇంకెక్కడా వినలేదు. మనకి అప్పుడు సోమవారం పొద్దున్న. ఆఫీసుకి బస్సెక్కాల్సిన నేను కుర్చీలోంచి లేవలేదు. దాన్ని చెత్త మ్యాచ్ అని రాయొచ్చు, చరిత్ర అనీ రాయొచ్చు. రెండూ ఒకే పేరాలో రాసే ధైర్యం చెయ్.

మనవాళ్ల గురించి నువ్వు అసలు రాయలేదు. గ్రేట్ ఖాళీ 2007 జులైలో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. రింగులో అతని కదలికలు బాగుండవు, ఆ మాట మొహమాటం లేకుండా రాయి. 2017 మేలో జిందర్ మహల్ రాండీ ఆర్టన్‌ని ఓడించినప్పుడు ఇక్కడి కుర్రాళ్లు ఎందుకు సంబరపడ్డారు, ఎందుకు కొందరు పెదవి విరిచారు అన్నది నీలాంటి వాళ్లే రాయాలి. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి జాన్ సీనా వస్తున్నాడంటే, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిన పిల్లలు మన ఊళ్లో ఉన్నారు. వాళ్లని కలువు, మాట్లాడు. ఏ అమెరికా విలేకరీ ఆ వ్యాసం రాయలేడు.

ఒక పద్ధతి చెబుతాను, నేను ఎప్పుడూ ఇలాగే చూస్తాను. మొదట మామూలుగా చూడు. తర్వాత సౌండ్ తీసేసి చూడు, కామెంటరీ చెప్పే అభిప్రాయాలు పోయి ఒళ్లు మాత్రం మిగులుతుంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని జనాన్ని విను. ఎక్కడ గోల మారిందో నోట్‌బుక్‌లో నిమిషంతో సహా రాసుకో. నీ వ్యాసం ఆ చోటు చుట్టూ కట్టు.

చివరగా, బేలీ, సాషా బ్యాంక్స్‌ల మ్యాచ్. 2015 ఆగస్టు 22, బ్రూక్లిన్. నువ్వు మొదటి స్థానం ఇచ్చావు, ఇచ్చినందుకు సంతోషించాను. కానీ బేలీ గెలిచిందనీ, తోటి రెజ్లర్లు ఇద్దరితో కలిపి నలుగురు అమ్మాయిలూ కౌగిలించుకున్నారనీ రాసి ఆపేశావు. బేలీ చేతికి దెబ్బ ఉంది, సాషా ఆ చేతినే తొక్కింది. నొప్పితో బేలీ మెలికలు తిరుగుతుంటే సాషా నవ్వింది. ఆ నవ్వు లేకపోతే బేలీ గెలుపుకి అంత రుచి రాదు. అదే ఏడాది అక్టోబరు 7న అరగంట ఐరన్ మ్యాన్ మ్యాచ్‌లో (గడువులోపు ఎక్కువసార్లు ఓడించినవాళ్లదే గెలుపు), ముందు వరసలో కూర్చున్న చిన్న అభిమాని తల మీద బ్యాండ్ లాక్కుని సాషా ఆ పిల్లని ఏడిపించింది. చివరి క్షణాల్లో బేలీ ఆ సాషా చేతినే తొక్కి, మెలేసి, ఓటమి ఒప్పించి 3-2తో గెలిచింది. చేతికి చేయి! ఆగస్టులో మొదలైన కథ అక్టోబరులో ముగిసింది. ఈ రెండు మ్యాచ్‌లనూ కలిపి, సాషా వైపు నుంచి మళ్లీ రాయి. ఇద్దరిలో సాషాది కష్టమైన పని అని నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో కారణం చూపించు.

దసరా సెలవుల్లోపు పంపు. పది మ్యాచ్‌లు అక్కర్లేదు, ఈ రెండు చాలు.

ఆశీస్సులతో,
మాస్టారు