గోల్ఫ్ కోచ్‌ని నమ్మే ముందు: రఘుకు ఉత్తరం

చిరంజీవి రఘుకు దీవెనలు.

బంతి కుడికి వంగడం మానలేదనీ, ముగ్గురు కోచ్‌లు మూడు రకాలుగా చెప్పారనీ రాశావు. అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు హైవే మీద పోను 200 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం పోయి నేర్చుకునేవాడివి వారానికొక కోచ్‌ని మార్చుకుంటూ పోతే నీ ఆట బాగుపడదు. ఒక్కరిని ఎంచుకో, బాగా తెలుసుకొని ఎంచుకో. ఎట్లా తెలుసుకోవాలో రాస్తున్నా.

మంచి కోచ్ మొదటి పావుగంటలో నీ చేతులు ముట్టుకోడు. వెన్నునొప్పి ఉందా, మోకాలు ఎట్లా ఉంది, వారానికి ఎన్ని గంటలు ప్రాక్టీస్ చేయగలవు, ఆటలో ఎక్కువ దెబ్బలు ఎక్కడ పోతున్నాయి అని అడుగుతాడు. తర్వాత సెవెన్ ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) పది బంతులు, డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) పది బంతులు కొట్టిస్తాడు. అప్పుడు అతని చూపు ఎక్కడుందో గమనించు. నీ ఒంటిని మాత్రమే చూస్తూ, బంతి ఎటు బయలుదేరి ఎటు వంగిందో చూడనివాడు నాడి పట్టకుండా మందు రాసే డాక్టరు లాంటివాడు.

ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగు: "సార్, బంతి మొదట ఎటు బయలుదేరాలో నిర్ణయించేది క్లబ్ ఫేసా, స్వింగ్ దారా?" ఫేస్ అంటే బంతికి తగిలే క్లబ్ ముఖం, స్వింగ్ దారి అంటే కొట్టేటప్పుడు క్లబ్ పోయే దారి. స్వింగ్ దారి అని చెప్పాడంటే అతను పాత పాఠం దగ్గరే ఆగిపోయాడని అర్థం. వెనకట అందరూ అట్లాగే నేర్పేవాళ్లు. రాడార్ యంత్రాలు వచ్చి కొలిచాక అది తప్పని తేలింది. బంతి చాలావరకు ఫేస్ చూస్తున్న వైపే బయలుదేరుతుంది. ఐరన్‌తో సుమారు నాలుగింట మూడు వంతులు ఫేస్ మాటే చెల్లుతుంది, డ్రైవర్‌తో ఇంకా ఎక్కువ. ఆ తర్వాత వంపు రావడానికి కారణం ఫేస్‌కూ దారికీ మధ్య ఉన్న తేడా.

దీన్ని నీ స్లైస్‌కు, అంటే ఆ కుడి వంపుకు, పెట్టి చూడు. నువ్వు కుడిచేతి వాటం. బంతి ఎడమకు బయలుదేరి కుడికి వంగుతోందంటే, క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తోంది. ఫేస్ గురికి ఎడమగానే ఉన్నా, ఆ దారితో పోలిస్తే తెరుచుకొని ఉంది. నేరుగా కుడికి బయలుదేరి ఇంకా కుడికి పోతోందంటే మొదటి అనుమానం ఫేస్ మీద, అంటే గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు) మీద. రెండూ స్లైసే, మందులు మాత్రం వేరు. ఏ రకమో చూడకుండా "ఎడమకు గురిపెట్టు" అన్నాడే ఒక కోచ్, ఆ మాట వినొద్దు. ఎడమకు నిలబడితే దారి ఇంకా ఎడమకు పోతుంది, ఫేస్ మాత్రం పాత గురి వైపే ఉండిపోతుంది. తేడా పెరిగి వంపు కూడా పెరుగుతుంది. "తల దించు" అన్నది కూడా అంతే. క్లబ్ పోయి బంతి పైభాగానికి తగలడానికి తల ఎత్తడం కంటే వేరే కారణాలే ఎక్కువ.

డ్రైవర్‌తో ఇంకొక మెలిక ఉంది. దాని తల బరువు కేంద్రం ఫేస్‌కు బాగా వెనక ఉంటుంది కాబట్టి మడమ వైపు, అంటే షాఫ్ట్‌కు (క్లబ్ కాడకు) దగ్గరగా, తగిలిన బంతికి కుడికి తిరిగే గుణం తోడవుతుంది. కొన వైపు తగిలితే ఎడమకు. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో బొట్టంత చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్‌కు ఎదురుగా వచ్చేట్టు టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద ఉంచి కొట్టు. మరక ఎక్కడ పడిందో చూడు. పది మరకల్లో ఏడెనిమిది మడమ వైపే ఉంటే నీకు ముందు స్వింగ్ మార్చాల్సిన పని లేదు, బంతికి ఎంత దూరంలో నిలబడుతున్నావో చూడాలి. ఈ పరీక్ష చేయకుండా స్వింగ్ మొత్తం విప్పేసే కోచ్‌కు నమస్కారం పెట్టి వచ్చేయ్.

సర్టిఫికెట్ సంగతి. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది, నేర్పేవాళ్లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇచ్చేది అదే. టోర్నమెంట్లు ఆడే ప్రో కార్డు వేరు. బాగా ఆడేవాడు బాగా నేర్పుతాడన్న హామీ ఏమీ లేదు. సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడొద్దు, కానీ అది చూసి మాత్రమే డబ్బు కట్టొద్దు.

"నెలలో నీ హ్యాండిక్యాప్ పది తగ్గిస్తా" అనేవాణ్ణి అసలు నమ్మొద్దు. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువుంటే అంత మంచి ఆట. 2020 నుంచి నడుస్తున్న ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో నీ చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసి సగటు కడతారు. వారానికొక రౌండ్ ఆడేవాడికి 20 రౌండ్లు నిండడానికే ఐదు నెలలు పడుతుంది. మొదటి రోజే కొత్త సెట్ కొనమనేవాడి దగ్గరా జాగ్రత్త. ఇరవై పాఠాలకు ముందే డబ్బు కట్టమంటే, మూడు పాఠాలకు కడతానని చెప్పు.

ఒక పాఠంలో ఒకే మార్పు ఉండాలి. పాఠం అయ్యాక "నా తప్పు ఏంది, కారణం ఏంది, ఇంటికాడ ఏం చేయాలి" అన్న మూడింటికీ రెండేసి వాక్యాల్లో జవాబు నీ నోటితో రావాలి. రాలేదంటే అతను నేర్పలేదని లెక్క. పాఠానికీ పాఠానికీ మధ్య రెండు మూడు వారాలు ఎడం ఉంచు. గ్రిప్ మారిస్తే మొదట్లో చేతులకు ఎబ్బెట్టుగానే ఉంటుంది, బంతి ఇంకా అధ్వానంగా పోవచ్చు. అది చూసి కోచ్‌ని మార్చేయొద్దు. మన దేశపు ప్రొఫెషనల్ గోల్ఫర్ అనిర్బన్ లాహిరి ఎన్నో ఏళ్లు కోచ్ విజయ్ దివేచా దగ్గరే నేర్చుకున్నాడు.

రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) మ్యాట్ మీద మాత్రమే నేర్పేవాడైతే గడ్డి మీద కూడా చూడమని అడుగు. బంతి కంటే రెండంగుళాలు వెనక నేల తగిలినా మ్యాట్ మీద క్లబ్ జారుకుంటూ పోయి బంతిని లేపేస్తుంది, తప్పు కనపడదు. గడ్డి మీద అదే దెబ్బకు బంతి సగం దూరం కూడా పోదు. చిప్పింగ్ (గుంత దగ్గరికి వేసే చిన్న దెబ్బ), పటింగ్ (గుంతలోకి బంతిని దొర్లించడం) గురించి మూడో పాఠానికి కూడా మాటెత్తకపోతే నువ్వే అడుగు.

ఇంటికాడ మన రాళ్లనేల మీద ఐరన్ కొట్టొద్దు, మణికట్టు దెబ్బతింటుంది. కొబ్బరి పీచు మ్యాట్ వేసుకో, వెనక వల కట్టుకో. ఆషాఢం గాలిలో బంతి వంపు చూసి ఏదీ తేల్చుకోవద్దు. రామగిరి గాలిమరలను తిప్పే గాలి అది. తెల్లవారుజామున గాలి లేనప్పుడు కొట్టు.

మధ్యలో కోచ్‌కు వీడియో పంపాల్సి వస్తే ఫోన్‌ని చేతుల ఎత్తులో స్టాండ్ మీద పెట్టు. బంతి వెనక నుంచి గురి వైపు చూస్తూ తీసేటప్పుడు ఫోన్ నీ చేతులకు సూటిగా, గురి గీతకు సమాంతరంగా ఉండాలి. ఒక అడుగు పక్కకు జరిగినా మంచి స్వింగ్ కూడా అడ్డంగా కోస్తున్నట్టు కనపడి, లేని జబ్బుకు మందు పడుతుంది. నేల మీద రెండు సన్నని పీవీసీ పైపులు పరుచు, ఒకటి బంతి గీతకు, ఒకటి పాదాలకు. ఎదురుగా నిలబెట్టి తీసే వీడియోలో ఫోన్ నీ రొమ్ముకు నేరుగా ఉండాలి. స్లో మోషన్‌లోనే తీయి.

శనివారం కోచ్ దగ్గరికి పోయేలోపల ఆ మార్కర్ చుక్క పరీక్ష చేసి, పది మరకల ఫోటో నాకు పంపు. మడమ వైపా, కొన వైపా తెలిస్తే కోచ్‌ని ఏం అడగాలో ఫోన్‌లో చెప్తా.

మీ చిన్నాయన,
అనంతపురం