పదిహేడేళ్ల తాబేలు తినట్లేదు, ఎండకు రాయి ఎక్కట్లేదు. వయసైపోయిందా? డాక్టరు దాకా వెళ్లాలా, ఇంట్లో ఏమైనా మారిస్తే చాలా?

పదిహేడేళ్లకే ముసలిదైపోయిందని మీకెవరు చెప్పారండీ? రెడ్ ఇయర్డ్ స్లైడర్, అదే మనవాళ్లు ఇళ్లల్లో పెంచుకునే ఈ నీటి తాబేలు, సరిగ్గా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతుకుతుంది. మీరు రాసినవాటిలో ఒక్కటి కూడా వయసు లక్షణమని నేను ఒప్పుకోను. తాబేలుకు ఏమొచ్చినా మనవాళ్లు "పెద్దదైపోయింది పాపం" అని తేల్చేస్తారు, అలా అనేస్తే ఇక డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు కదా.

మా చిట్టికి ఇరవై దాటాయి. తమ్ముడు ఇంటర్‌లో ఉండగా సరదాపడి తెచ్చాడు, ఉద్యోగమని వాడు బెంగళూరు వెళ్లిపోయాడు, చాకిరీ నాకు మిగిలింది. పోయిన మార్చిలో అదీ మీదానిలాగే తిండి మానేసింది. కానీ ఊరికే పడి ఉండటం కాదు, వెనక కాళ్లతో టబ్బు గోడలు గీకుతూనే ఉండేది, రాత్రంతా బరబరమని చప్పుడు, అమ్మకి నిద్ర లేదు. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లాం. అక్కడ కుక్కలే లోకం. డాక్టరుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కడుపులో పురుగులై ఉంటాయి, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేద్దాం అన్నారు. ఐవర్‌మెక్టిన్ కుక్కలకీ ఆవులకీ మందే కానీ తాబేళ్లకు విషం, కాళ్లు పడిపోయి చచ్చిపోతాయి. ఈ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి వద్దన్నాను. "డాక్టరు నువ్వా, నేనా?" అన్నారు. మీరేనండీ, కానీ తాబేలు నాది అని డబ్బా తీసుకుని వచ్చేశాను.

తర్వాత ఊరికి ఆ చివర, పక్షుల్నీ తాబేళ్లనీ చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ చేయి వేయకముందే ఎక్స్‌రే అన్నారు. తెర మీద చూస్తే పెంకు లోపల కోలగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఆరేడు గుడ్లు! "మగది లేకుండా గుడ్లేంటమ్మా?" అని అమ్మ నోరు తెరిచింది. ఫారం కోళ్లు పెట్టట్లేదా, ఇదీ అంతే అన్నారావిడ. పొదిగినా పిల్లలు రావు, కానీ పెట్టడానికి మట్టి దొరక్కపోతే లోపలే బిగబట్టుకుంటుంది, అలాగే వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. ముందు కాల్షియం, కాసేపాగి గుడ్లను బయటికి నెట్టించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, రెండూ ముందు కాలికే ఇచ్చారు. వెనక కాలికి ఇస్తే మందు నేరుగా కిడ్నీలకు పోవచ్చట. గోరువెచ్చటి నీళ్ల టబ్బులో వదిలాక మొదటి గుడ్డు జారిపడింది. మా మహాతల్లి వెనక్కి తిరిగి దాన్నే కొరకబోయింది! డాక్టరమ్మ గరిటెతో తీసేశారు. సాయంత్రానికి అన్నీ వచ్చేశాయి, ఇంటికెళ్లాక క్యారెట్ తురుము పెడితే అమ్మ వేళ్లతో సహా పట్టుకోబోయింది.

కాబట్టి మీది ఆడదైతే ముందు ఎక్స్‌రే. ముందుకాళ్ల గోళ్లు పొట్టిగా ఉండి, మనిషి, అదే, తాబేలు భారీగా ఉంటే ఆడదే. మగదైనా సరే, ఈదేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా అది న్యుమోనియా కావచ్చు, ఆ రోజే వెళ్లండి. కళ్లు ఉబ్బి మూసుకుపోతే తరచుగా ఎ విటమిన్ లోపం. దానికి ఇంజెక్షన్ మోతాదు మించితే చర్మం ఊడొస్తుంది, అందుకే తెలిసినవాళ్ల చేతే వేయించాలి.

ఇక ఇంటి సంగతి. మీ యూవీబీ బల్బు, అదే ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చే బల్బు, ఎప్పుడు కొన్నారు? వెలుగుతోంది కదా అనకండి, వెలుగు ఉంటుంది, అందులో యూవీబీ ఏడాదికల్లా అడుగంటుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా లెక్కలోకి రాదు, అద్దం ఆపేస్తుంది. రాయి ఎక్కట్లేదంటే ఎక్కలేకపోతోందేమో చూశారా? నున్నటి గ్రానైట్ ముక్క తీసేసి ఏటవాలు పలక పెట్టి, దాని మీద కృత్రిమ గడ్డి చాప అంటించాం, గోళ్లకు పట్టు దొరికి మళ్లీ ఎక్కుతోంది. నీళ్లు తగ్గించాం, అడుగున నిలబడి మెడ చాపితే ముక్కు పైకి తేలేంత. చలికాలంలో హీటరు పెట్టి నీళ్లు 25 డిగ్రీలకు తగ్గకుండా చూస్తాం, కరెంటు పోతే కష్టమని దాన్ని ఇన్వర్టర్‌కి కలిపాం, నెల బిల్లు చూసి నాన్న సణుగుతారు, సణగనీ. పక్కన ఇసుకా మట్టీ కలిపిన పెద్ద తొట్టి, అది దాని ప్రసూతి గది. ఎండురొయ్యల తిండి పూర్తిగా మానేశాం. వయసొచ్చిన స్లైడర్‌కి ఆకులే ఎక్కువ పడాలి: మందార ఆకులు, గుర్రపుడెక్క, క్యారెట్. పాలకూర రోజూ వద్దు, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

అన్నట్టు, వాస్తుకి మంచిదని గాజుగిన్నెలో తాబేలు పిల్లను పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. అమ్మేవాడు "ఇది ఇంతే ఉంటుంది మేడమ్" అంటాడు, ఆడది అడుగు దాకా పెరుగుతుంది, అప్పుడు తీసుకెళ్లి చెరువులోనో గుడి కోనేటిలోనో వదిలి పుణ్యం వచ్చిందనుకుంటారు. అక్కడ మన తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే చోటు ఇది లాక్కుంటుంది. అమెరికాలోనే పుట్టిన జాతి ఇది, పిల్లలకు సాల్మొనెల్లా అనే, వాంతులూ విరేచనాలూ తెచ్చే బ్యాక్టీరియా అంటుతోందని 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని వాళ్లే 1975లో ఆపేశారు. మనకి మాత్రం అది లక్ష్మీకళ! మీరూ ఆ టబ్బు వంటింటి సింకులో కడగకండి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు నీళ్లలో పెట్టి మోయకండి, గాలి ఆడే డబ్బాలో తడి తువ్వాలు వేసి పెట్టండి, ఎండ ముదరకముందే బయల్దేరండి. వెళ్లేముందు ఫోన్ చేసి తాబేళ్లను చూస్తారా, ఎక్స్‌రే ఉందా అని అడగండి. ఐవర్‌మెక్టిన్ మాట వస్తే మాత్రం మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.